చెవిలో మిగిలిన రావు గోపాలరావు

రావు గోపాలరావు 1994 ఆగస్టు 13న కన్నుమూశారు. ఏడాదీ రెండు వారాలు గడిచాక, 1995 ఆగస్టు 27న ఈటీవీ ప్రసారాలు మొదలయ్యాయి. జెమిని టీవీ అదే ఏడాది ఇంకాస్త ముందే వచ్చింది. ఒక నటుడి చావుకీ రెండు చానెళ్ల పుట్టుకకీ ముడిపెట్టడం విడ్డూరంగా కనిపించవచ్చు. కానీ ఆయన్ని అభిమానులు ఈనాటికీ తలచుకునే తీరు గమనిస్తే ఆ ముడి అక్కడే ఉందని తెలుస్తుంది. రోజంతా ఇంట్లోకి బొమ్మలు కుమ్మరించే కాలం గుమ్మం దాకా వచ్చింది. సరిగ్గా అప్పుడే, తెలుగువాళ్లు చెవులతో ప్రేమించిన నటుల్లో ముఖ్యుడైన మనిషి వెళ్లిపోయాడు. నేను చెప్పదలచుకున్నది ఇంతే: హీరోని జనం చూశారు, క్యారెక్టర్ ఆర్టిస్టుని విన్నారు. ఆ వినడం చుట్టూ ఒక బతుకు అల్లుకుని ఉండేది. దానికి వేదికలు, యంత్రాలు, వేళలు, మర్యాదలు అన్నీ ఉండేవి. ఇప్పుడవి లేవు. రావు గోపాలరావుని తలచుకుంటున్నామని అనుకునేవాళ్లు చాలామంది తమకు తెలియకుండానే ఆ బతుకుని తలచుకుంటున్నారు.

ఆయన అభిమానిని ఎవరినైనా కదిపి చూడండి. ముఖం ఎలా ఉండేదో, ఏ చొక్కా తొడిగేవారో చెప్పడు. గొంతు సవరించుకుని, దవడ కాస్త బిగించి, మాటని పంటి కింద నలిపి వదులుతాడు. బాగా వచ్చినా రాకపోయినా అది అనుకరణే. హీరో అభిమానికి ఈ బాధ లేదు. అతనికి సంఘం ఉంది, కటౌటు ఉంది, పుట్టినరోజు అన్నదానం ఉంది, వంద రోజుల షీల్డు ఉంది. అభిమానాన్ని చూపించుకోవడానికి చేతినిండా సామగ్రి ఉంది. క్యారెక్టర్ ఆర్టిస్టు పేరున ఊళ్లో సంఘం పెట్టి దండలు వేసే ఆచారం మనకు లేదు. పోస్టరులో ఆయన బొమ్మ ఏ మూలో ఉంటుంది. కాబట్టి ఆయన అభిమానికి దక్కింది గొంతొక్కటే, దాన్ని చాటడానికి ఉన్న సాధనం తన నోరొక్కటే. వరంగల్లు నేరెళ్ల వేణుమాధవ్ లాంటి మహానుభావుడు అనుకరణని ఒక కళగా వేదికెక్కించారు. ఆయనకు దక్కిన గౌరవం సరేసరి, ఆ కళకి కింద, కాలేజీ వార్షికోత్సవాల్లో, వినాయక చవితి పందిళ్లలో, పెళ్లివారి విడిదిలో, పేరులేని అనుకర్తలు వేలల్లో ఉండేవారు. ఒక నటుడు ఎన్ని నోళ్లలో బతుకుతున్నాడన్నదే వాళ్ల లెక్క. ఆ లెక్కలో రావు గోపాలరావుకి పోటీ తక్కువ.

ఈ చెవికోత సినిమాతో పుట్టింది కాదు. పద్యనాటకం రోజుల్లో జనం రాయబారం నాటకంలో కృష్ణుణ్ణి చూడటానికి పోలేదు. కృష్ణుడి పద్యం వినడానికి పోయారు. తెల్లవార్లూ కూర్చుని, నచ్చిన పద్యానికి వన్స్‌మోర్ కొట్టి, చచ్చిపోయిన పాత్రని సైతం లేపి మళ్లీ పాడించుకున్న ప్రేక్షకులు వాళ్లు. కథ ఆగిపోతుందన్న చింత వాళ్లకి లేదు, రాగం ఆగకపోతే చాలు. ఆ పద్యాలు మూడు నిమిషాల గ్రామఫోను పలకల మీదికెక్కి ఇళ్లలో మోగాయి. 1929లో తెనాలిలో పుట్టిన ఆంధ్ర నాటక కళా పరిషత్తు, దాని అడుగుజాడల్లో ఊరూరా వెలసిన పరిషత్తు పోటీలు, పద్యం స్థానంలో వచనాన్ని నిలబెట్టాయి. చెవి మాత్రం పాతదే. ఆఖరి వరసలో కూర్చున్నవాడికి సైతం ప్రతి అక్షరం అందాలి, అందకపోతే బహుమతి పోతుంది, ఈల వినబడుతుంది. రావు గోపాలరావు వచ్చింది ఆ బడి నుంచే. కాకినాడ దగ్గర పల్లెలో 1937 సంక్రాంతికి పుట్టిన మనిషి, నాటకాల పిచ్చితో పెరిగి, భమిడిపాటి రాధాకృష్ణ రాసిన ‘కీర్తిశేషులు’లో మురారి పాత్రతో పేరు తెచ్చుకున్నారు. ఎస్.వి.రంగారావు ఆయన నటన చూసి దర్శకుడు గుత్తా రామినీడుకు పరిచయం చేశారు. సినిమాల్లో ఆయన మొదట చేసింది నటన కాదు, ‘భక్త పోతన’కు సహాయ దర్శకత్వం. ఇంట్లో భార్య కమలకుమారి హరికథా కళాకారిణి. అంటే, మాటని తాళంలో నడిపించే విద్య ఆయనకు వేదిక మీదా ఉంది, ఇంట్లోనూ ఉంది.

ఇలాంటి మనిషికి సినిమా మొదట చేసిన మర్యాద ఏమిటో తెలిస్తే నవ్వొస్తుంది. 1969 నాటి ‘జగత్ కిలాడీలు’లో ఆయన విలన్. కానీ ఆ గొంతు తెరకు పనికిరాదని వేరేవారి చేత డబ్బింగ్ చెప్పించారన్నది సినిమావాళ్ల నోట పదేపదే వినిపించే సంగతి. ఆరేళ్లకు అదే గొంతు ‘ముత్యాల ముగ్గు’లో కాంట్రాక్టరుగా వచ్చింది. బాపు దర్శకత్వం, ముళ్లపూడి వెంకటరమణ మాటలు, ఇషాన్ ఆర్య కెమెరా. 1975 జులైలో విడుదలైన ఆ సినిమాకి ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ బహుమతి వచ్చింది, ఛాయాగ్రహణానికీ వచ్చింది. కంటికి అంత విందు చేసిన సినిమాలో జనం ఇంటికి మోసుకుపోయింది మాత్రం కంటికి కనబడని వస్తువుని. డబ్బు పుచ్చుకుని కాపురాలు కూల్చే కాంట్రాక్టరు ఉదయపు ఆకాశం ఎరుపులో నెత్తురు చూస్తాడు. పక్కనున్న సెక్రెటరీకి సౌందర్యం గురించి పాఠం చెబుతాడు. అప్పటిదాకా పండితుల వ్యాసాల్లో బిగుసుకుని ఉన్న ‘కళాపోషణ’ ఆయన నోట ‘కలాపోసన’ అయింది, మరి వెనక్కి పోలేదు. ఈరోజుకీ ఎవరైనా గోడకు రంగు మార్చినా, ముగ్గులో రెండు చుక్కలు ఎక్కువ పెట్టినా, పక్కవాళ్లు అనే మాట అదే. నటుడు పోయి ముప్ఫై ఏళ్లు దాటాక కూడా ఒక మాటను ఆయన ఉచ్చారణతోనే వాడుతున్నామంటే, ఆ నటుడు భాషలోకి చేరిపోయాడన్నమాట.

ఆ ఉచ్చారణ ఎందుకంత లోతుగా దిగింది? అంతకు ముందూ విలన్లున్నారు, గొప్ప గొంతులున్నాయి. రాజనాల హుంకరించేవారు. సి.ఎస్.ఆర్. ఆంజనేయులు మెత్తగా, నాగరికంగా, వినేవాడికి గీసుకుపోయినట్టు తెలియకుండా గీసేవారు. నాగభూషణం ‘రక్తకన్నీరు’ వేదికల మీద సానబట్టిన వెటకారాన్ని తెరకు తెచ్చారు. అయితే వీళ్ల భాషలో కాస్తో కూస్తో నాటకపు పూత ఉండేది. ఎక్కడివాడో చెప్పలేని తెలుగు అది. కాంట్రాక్టరు మాట విన్న క్షణంలో అతనిది ఏ కాలువ గట్టో తెలిసిపోతుంది. గోదావరి జిల్లాల వాడుకలో ఉన్న నిదానం, ఎదుటివాణ్ణి పొగుడుతున్నట్టే పొడిచే వెటకారం, హత్య గురించీ పంట ధర గురించీ ఒకే స్థాయిలో మాట్లాడగల తాపీ అందులో ఉన్నాయి. ఇక్కడ ఒక వింత చూడాలి. ఆ రోజుల్లో హీరో మాండలికం మాట్లాడడు. పల్లెటూరి రైతుగా నాగలి పట్టినా పుస్తకాల తెలుగే పలుకుతాడు, ఎందుకంటే అతను అందరివాడు కావాలి. ఊరి భాషంతా విలన్‌కీ, పనివాడికీ, హాస్యగాడికీ వదిలేశారు. అది చిన్నచూపే, సందేహం లేదు. 1985లో ‘ప్రతిఘటన’లో కాశయ్యగా కోట శ్రీనివాసరావు తెలంగాణ యాసలో మాట్లాడి పేరు తెచ్చుకున్నప్పుడూ, ఆ తర్వాతా, తమ భాషని దుర్మార్గులకీ జోకర్లకీ పంచిపెడుతున్నారని తెలంగాణ వాళ్లు చేసిన ఫిర్యాదు న్యాయమైనది. కానీ ఆ చిన్నచూపు తాను కోరని ఫలితాన్నిచ్చింది. తన ఊరి మాట తెరమీద వినాలని ఆశపడ్డ ప్రేక్షకుడికి అది దొరికే చోటు విలన్ నోరొక్కటే అయింది. అతను చేసే పనిని అసహ్యించుకుంటూ అతని మాటకు చెవి ఒగ్గాడు. క్యారెక్టర్ ఆర్టిస్టు అభిమానం మొదలైంది ఆ సందులో.

ఇక ఆ అభిమానాన్ని మోసిన యంత్రాల సంగతి. 1975లో తెలుగునాట ఇళ్లలో టీవీ లేదు. హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం వచ్చింది 1977లో, అది పల్లెలకు చేరేసరికి ఇంకో దశాబ్దం పట్టింది. సినిమా థియేటర్లోంచి వెళ్లిపోతే మళ్లీ చూడటానికి దారి లేదు. వినడానికి మాత్రం దారులు బోలెడు. ‘ముత్యాల ముగ్గు’ మాటలు ఎల్పీ రికార్డులుగా వచ్చాయి, పాటల రికార్డులతో సమానంగా జనంలోకి వెళ్లాయి. 1977లో కొండవీటి వెంకటకవి రాసిన ‘దాన వీర శూర కర్ణ’ మాటలూ అదే దారి పట్టాయి. రెండు వైపులా తిప్పితే ముప్పావుగంట. పెళ్లికి మైకు సెట్టు తెచ్చినవాడు తెల్లవారుజామున దేవుడి పాటలతో మొదలుపెట్టి, మధ్యాహ్నం భోజనాల వేళకి మాటల రికార్డు ఎక్కించేవాడు. కొబ్బరిచెట్టుకో వేపచెట్టుకో కట్టిన ఆ ఇనప గొట్టానికి తబలా మోత, వీణ మీటు సరిగా పలకవు. లోతు శబ్దాలు అందులో చచ్చిపోతాయి. మనిషి గొంతు, అందులోనూ అంచు ఉన్న గొంతు, పొలాల మీదుగా పక్క ఊరికి పోతుంది. రావు గోపాలరావు గొంతుకి ఆ అంచు ఉంది. తెరకు పనికిరాదన్న గరుకుతనమే గొట్టానికి సరిగ్గా సరిపోయింది. పెళ్లి ఎవరిదైనా, ఊరంతా ఒక్కసారే, ఒక్కమాటే వింటుంది. మడిలో నాట్లు వేసేవాళ్లు, అరుగు మీద చుట్ట కాల్చేవాళ్లు, బావి దగ్గర బిందె ముంచేవాళ్లు వినాలనుకోకపోయినా వింటారు. పదిసార్లు విన్నాక పదకొండోసారి ముందే అనేస్తారు.

టూరింగు టాకీసుదీ ఇదే లెక్క. ఘంటసాల పాడిన వేంకటేశ్వరుడి భక్తిగీతం వేశారంటే ఆట మొదలవబోతోందని గుర్తు, అన్నం ముద్దలు పెద్దవయ్యేవి. డేరాకి గోడ లేదు, గుడ్డే. రెండో ఆట మాటలు రాత్రి పొద్దుపోయాక ఊరంతా పరుచుకునేవి. నేల టిక్కెట్టుకు డబ్బులు లేనివాడికి సినిమా అంటే ఆ గుడ్డ అవతల నుంచి వచ్చే శబ్దమే. అతనికి హీరో అందం తెలియదు, రంగుల కెమెరా తెలియదు, విలన్ గొంతు తెలుసు. రేడియోలో ‘సంక్షిప్త శబ్దచిత్రం’ అని ఒక కార్యక్రమం ఉండేది. సినిమా సౌండ్‌ట్రాకుని కత్తిరించి వినిపించేవాళ్లు. బొమ్మ లేని సినిమా అంటే ఇప్పటివాళ్లకి నవ్వులాట. కానీ అందులో ఒక పరీక్ష ఉంది. ముఖం తీసేసి, కత్తిసాము తీసేసి, నాట్యం తీసేసి వినిపిస్తే ఏ నటుడు నిలబడతాడు? నిలబడ్డవాళ్లలో ఎక్కువమంది క్యారెక్టర్ ఆర్టిస్టులే. ఎస్వీ రంగారావు గర్జన, గుమ్మడి తడబాటు, సూర్యకాంతం గొంతులోని గయ్యాళి వేగం, రమణారెడ్డి సాగదీత, అల్లు రామలింగయ్య నంగి నవ్వు, వీటిలో దేనికీ బొమ్మ తోడు అక్కర్లేదు. తర్వాత క్యాసెట్లు వచ్చి మంగలి షాపుల్లో, కిళ్లీకొట్లలో, రాత్రి బస్సుల్లో ఇదే పని ఇంకాస్త చవగ్గా చేశాయి.

ఈ మాటకు అడ్డు చెప్పేవాళ్లున్నారు. మొదటి అడ్డు: అది రచయిత గొప్ప, నటుడిది కాదు. ముళ్లపూడి రాయకపోతే కాంట్రాక్టరు లేడు. ‘వేటగాడు’లో జంధ్యాల ప్రాసల దండ గుచ్చి ఇవ్వకపోతే 1979లో జనం అందులోని విలన్ పాత్రని అంతగా పట్టించుకునేవాళ్లు కాదు. ఇందులో సగం నేను ఒప్పుకుంటాను. మాట లేనిదే గొంతు ఏంచేస్తుంది? కానీ మిగతా సగం చూడండి. ప్రాసలు రాసినవాళ్లు ఆ తర్వాత కొల్లలుగా వచ్చారు, పలికినవాళ్లూ వచ్చారు. ప్రాస మీద ప్రాస పేర్చితే వినేవాడికి విసుగు పుట్టడం సహజం. రావు గోపాలరావు చేసిందేమిటంటే, ప్రాస పడే మాటను నొక్కలేదు. దాన్ని జారవిడిచి, దాని తర్వాత చిన్న ఊపిరి తీశారు. చెవి వెనక్కి తిరిగి ప్రాసను ఏరుకుంటుంది. అది పరిషత్తు నాటకం నేర్పిన ఊపిరి లెక్క. రచయిత కాగితం మీద రాయలేని విరామం అది. ముళ్లపూడి మాటల్ని ఇవాళ పుస్తకంలో చదివేవాడికి సైతం ఆ విరామం వినబడుతోందంటే, కాగితం మీదికి కూడా నటుడే వచ్చి కూర్చున్నాడని అర్థం. రచయితకు ఇంతకంటే మంచి భాగస్వామి దొరకడు, ముళ్లపూడికి ఆ సంగతి తెలియకపోలేదు.

రెండో అడ్డు ఇంకా పదునైనది. రావు గోపాలరావు వందలకొద్దీ వేసిన పాత్రల్లో ఎన్ని గుర్తుంచుకోదగ్గవి? ఎనభైల సినిమాల్లో ప్రెసిడెంటు, మోతుబరి, దొంగ స్వామి, మళ్లీ ప్రెసిడెంటు. పక్కన అల్లు రామలింగయ్య, వెనక నలుగురు రౌడీలు, ఎదుట భయపడే ఆడపిల్ల. ఆ సీన్లు చూస్తే ఇవాళ తల తిప్పుకోవాలనిపిస్తుంది. అలాంటి సినిమాలున్న కాలం పోయిందని ఏడవడమెందుకు? పోవలసిన సీన్లు పోయాయి, మంచిదే. నేను ఏడుస్తున్నది వాటికోసం కాదు. పైగా ఈ అడ్డు నా వాదనకే బలమిస్తుంది. ఆ కథలన్నీ జనం మరిచిపోయారు. ఏ సినిమాలో ఏ ఊరి ప్రెసిడెంటో అభిమాని సైతం చెప్పలేడు. గొంతు మాత్రం కథ నుంచి విడివడి మిగిలింది. చూసినదాన్ని వదిలేసి విన్నదాన్ని దాచుకుంది ఆ తరం. ఆ నటుడికి వేరే పనులు చేతనవునని గుర్తు చేసే సినిమాలు లేకపోలేదు. ‘భక్త కన్నప్ప’లో శివభక్తిని వ్యాపారం చేసుకునే పూజారి, ‘అభిలాష’లో లాయరు, ‘ఘరానా మొగుడు’లో కూతురి పొగరు అణగాలని కోరుకునే పారిశ్రామికవేత్త తండ్రి ఉన్నారు. ఆ తండ్రి గొంతులో అంచు లేదు, అలసట ఉంది. గరుకు గొంతుతో మెత్తదనం పలికించడం ఎంత కష్టమో సంగీతం తెలిసినవాళ్లని అడగండి.

మూడో అడ్డు ఈ కాలంవాళ్లది. పోయిందెక్కడ, యూట్యూబులో అన్నీ ఉన్నాయి కదా, రీల్స్‌లో కాంట్రాక్టరు రోజూ తిరుగుతూనే ఉన్నాడు కదా అంటారు. 2025 జులై 13న కోట శ్రీనివాసరావు పోయినప్పుడు ఆ సాయంత్రానికే ‘అహ నా పెళ్లంట’ పిసినారి లక్ష్మీపతి ప్రతి ఫోనులోనూ ప్రత్యక్షమయ్యాడు. 1994లో రావు గోపాలరావు అభిమానికి అలాంటి వసతి లేదు. మర్నాటి పేపర్లో వార్త చదివి, తెలిసిన నాలుగు మాటలు తనే అనుకుని ఊరుకున్నాడు. వసతి పెరిగితే జ్ఞాపకం పెరిగినట్టే కదా? కాదనే అంటాను. అవసరమైనప్పుడు దొరికే వస్తువుని ఎవరూ మోయరు. మాటల్ని కంఠస్థం చేసినవాడు వాటి ఊపిరిని, తూకాన్ని తన ఒంట్లోకి ఎక్కించుకున్నాడు. రికార్డు అరిగి ముల్లు దాటేసిన చోట తన నోటితో పూరించాడు. ఇరవై సెకన్ల ముక్కని పంపేవాడు పంపుతాడంతే. పైగా వినడం ఇప్పుడు ఒంటరి పని అయింది. చెవుల్లో పెట్టుకున్న బొత్తాల నుంచి శబ్దం బయటికి పొక్కదు, మల్టీప్లెక్సు గోడలోంచి అసలే పొక్కదు. గుడ్డ డేరా ఊరితో పంచుకున్న శబ్దాన్ని ఇవాళ సినిమాహాలు జాగ్రత్తగా లోపలే దాచుకుంటోంది. ఆ లోపల కూడా వెనక సంగీతం మాట మీదెక్కి కూర్చుంటోంది.

నాకే వ్యతిరేకంగా ఒక సాక్ష్యం ఉంది, దాచడం సబబు కాదు. తొంభైల తర్వాత విలన్లు బయటి భాషల నుంచి రావడం మామూలైంది, కోట శ్రీనివాసరావు బతికినన్నాళ్లూ దానిమీద బహిరంగంగానే కోప్పడ్డారు. ముఖం ఒకరిది, గొంతు ఇంకొకరిది. ‘జగత్ కిలాడీలు’లో రావు గోపాలరావుకి జరిగింది పద్ధతిగా స్థిరపడింది. అయినా 2009లో ‘అరుంధతి’ వచ్చినప్పుడు జనం తెరమీద సోనూ సూద్‌ని చూసి, తెర వెనక పి.రవిశంకర్ గొంతుని పట్టుకున్నారు. ఆయన పేరుకి ‘బొమ్మాళి’ తగిలించి మరీ గౌరవించారు. చెవి చచ్చిపోలేదన్నమాట. నిజమే. చెవి ఉంది, దానికి పని చూపించే ఏర్పాటు పోయింది. పరిషత్తు పోటీల్లో రాటుదేలి వచ్చే నటుల వరస పలచబడింది. మాటల రికార్డు తీసేవాడు లేడు. రావు గోపాలరావు కొడుకు రావు రమేష్ తెరమీద ఒక మాటను కాస్త నెమ్మదిగా విరిచినప్పుడు హాల్లో పెద్దవాళ్లు ఉలిక్కిపడటంలో ఉన్నదీ ఇదే. పోలిక ముఖంలో వెతకరు, మాట చివరి విరుపులో వెతుకుతారు. ఆ వెతుకులాట తెలిసిన తరం కూడా కరిగిపోతోంది.

సినిమా రీళ్లు కొన్నయినా ఎక్కడో ఒకచోట భద్రంగా ఉంటాయి. మాటల ఎల్పీలు, క్యాసెట్లు, మైకు సెట్లవాళ్ల పెట్టెల్లో మిగిలిన పలకలు అలా లేవు. అవి అటకల మీద, పాత ఇనప సామాన్ల కొట్లలో ఉన్నాయి. మీ ఇంట్లో అలాంటిది ఒకటి ఉంటే తూకానికి వేసేముందు ఒక్కసారి ఆగండి. అట్ట మీద ‘సంభాషణలు’ అని రాసి ఉందేమో చూడండి. ఉంటే, అరిగిపోయిందని పారేయకండి. అరిగింది కాబట్టే, ఎక్కువమంది విన్నది అదే.